మందు ఆపిన రోజులు

హనుమకొండ,
14 జూన్ 1987

భారతీ,

నువ్వు పంపిన మందు గోళీలు అందాయి. వాటి పక్కన జడపిన్నుల అట్ట కూడా పెట్టావేమిటే? ఈ వయసులో, ఈ పిలక జుట్టుకు? నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత నవ్వాను, అందుకని మాఫ్ చేస్తున్నాను.

మీ రామలింగం బావకు తగ్గింది. పెదవుల చుట్టూ లేచిన పొక్కులు ఎండి రాలిపోయాయి. నిన్న దుకాణానికి వెళ్లి కూర్చున్నాడు. కొత్తవాడ నుంచి వచ్చిన జంపఖానాలు విప్పి, ఒకదానికి అంచు వంకరపోయిందని నేసినాయనతో గొడవ పెట్టుకున్నాడట. గొడవ పెట్టుకున్నాడంటే ఒంట్లో బాగున్నట్టే.

కానీ ఏడాదిలో ఇది మూడోసారి. వేలూరులో కిడ్నీ మార్చినప్పుడే డాక్టర్లు చెప్పారు. అక్క ఇచ్చిన కిడ్నీ తమ్ముడి ఒంట్లో నిలవాలంటే బతికినన్నాళ్లూ గోళీలు మింగాలి, ఆ గోళీలు ఒంటి బలాన్ని పడుకోబెడతాయి, చిన్న రోగం కూడా పెద్దదవుతుంది అని. అప్పుడు బుద్ధిగా తలూపాను. ఇప్పుడు ఆయన తుమ్మినా నా గుండె జారుతోంది.

పొక్కులు లేచాయని తెలియగానే మా వదినె భద్రమ్మ నర్సంపేట నుంచి బస్సెక్కి వచ్చేసింది. నువ్వు ఆమెను చూశావు కదా, ఈయనకు అక్క, కిడ్నీ ఇచ్చిన మనిషి. ఆమె ఉన్నన్నాళ్లూ వంటింట్లో పోపు చప్పుడు లేదు, గుమ్మానికి వేపకొమ్మలు, ఇంటికి ఎవరూ రావద్దని ఆర్డరు. మొన్ననే తిరిగి వెళ్లింది.

పొక్కుల గోళీలు కొన్ని మిగిలాయి. మళ్లీ వస్తే పనికొస్తాయని బీరువాలో దాచాను. ఇక్కడ ఏ మందుల దుకాణంలో అడిగినా ఆ పేరే విననట్టు చూస్తున్నారు. ఇంకొన్ని దొరికితే పంపు.

నీ శకుంతల


బొంబాయి,
25 జూన్ 1987

శకూ,

బావ గొడవ పెట్టుకున్నాడని చదివి నాకూ ప్రాణం లేచొచ్చింది. జడపిన్నులు పెట్టుకో, బాగుంటావు.

ఇంకొన్ని గోళీలు పంపుతున్నాను. కానీ ఒక మాట అర్థం కాలేదు. మిగలడమేమిటే? రోజుకు ఐదుసార్లు చొప్పున చూసే పంపాను. ఒక్కటి కూడా మిగలకూడదు.

ఇక్కడ లాబ్‌లో నా పనే ఇది. మనుషుల పొక్కుల్లోంచి తీసిన వైరస్‌ను సీసాల్లో పెంచి, దాని మీద మందులు వేసి చూడటం. అందుకని స్నేహితురాలిగా కాకపోయినా ఆ ఉద్యోగానికైనా విలువిచ్చి నా మాట విను. పొక్కు తగ్గినట్టు కనిపించినా డాక్టరు చెప్పినన్నాళ్లూ వేయాలి. మధ్యలో ఆపితే, మందుకు లొంగనిది ఒక్కటి మిగిలినా చాలు. తర్వాత అక్కడ పెరిగేదంతా దాని సంతానమే.

ఎందుకు మిగిలాయో రాయి.

భారతి


హనుమకొండ,
9 ఆగస్టు 1987

భారతీ,

మళ్లీ లేచాయి. ఈసారి తీరే వేరు.

మొదట కింది పెదవి మీద రెండే. మర్నాటికి గడ్డం మీదికి దిగాయి. ఇప్పుడు నోట్లో, నాలుక కింద, గొంతులో. వీటిని పొక్కులనలేను, పుళ్లు. పొద్దున లేచేసరికి పెదవులు రెండూ అంటుకుపోయి ఉంటాయి. గోరువెచ్చటి నీళ్లతో తడిపి తడిపి విడదీస్తాను. ఆయన కళ్లల్లోంచి నీళ్లు కారతాయి కానీ చప్పుడు చేయడు. అరిచినా బాగుండు.

నువ్వు పంపిన గోళీలు ఒక్క పూట తప్పకుండా వేస్తున్నాను. మా అమ్మ మీద ఒట్టు. అయినా పుండు రోజురోజుకూ పెద్దదవుతోంది. కిషన్ రావు డాక్టరు వచ్చి టార్చి వేసి నోట్లోకి చూశాడు. మామూలుగా వాగుతూ ఉండే మనిషి, ఏమీ అనకుండా టార్చి జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, "జర టైం పడ్తదమ్మా, ఫికర్ జెయ్యకుండ్రి," అన్నాడు. నా మొహం చూడకుండా అన్నాడు.

దుకాణం యాకయ్య ఒక్కడే చూసుకుంటున్నాడు. ఎన్నో ఏళ్లుగా మా దగ్గర పనిచేసే మనిషి కాబట్టి ఆ చింత లేదు.

నాకు భయంగా ఉందే. వేలూరులో ఆపరేషన్ గది బయట కూర్చున్నప్పుడు కూడా ఇంత భయపడలేదు. అప్పుడు లోపల డాక్టర్లున్నారు. ఇక్కడ నేనొక్కదాన్నే, చేతిలో పని చేయని గోళీలు.

మిగిలినవాటి గురించి అడిగావు. ఆ సంగతి తర్వాత రాస్తాను.

నీ శకుంతల


బొంబాయి,
16 ఆగస్టు 1987

శకూ,

భయపడకు.

ఇది అందగానే లోపల పెట్టిన ఇంగ్లీషు కాగితం కిషన్ రావు గారికివ్వు. ఆయన పుండు మీద దూదిపుల్లతో అద్ది, పార్సిల్లో పంపుతున్న చిన్న సీసాలో వేస్తాడు. ఆ సీసాను ఐసు నింపిన ఫ్లాస్కులో పెట్టి యాకయ్యను బొంబాయి రైలెక్కించు. ఏ రైలో టెలిగ్రాం ఇవ్వు, స్టేషన్‌లో నేనే ఉంటాను. దారిలో ఐసు కరిగితే మళ్లీ నింపమను. ఫ్లాస్కు కనిపించింది కదా అని అందులో టీ పోయించుకోవద్దని గట్టిగా చెప్పు.

రెండోది, నువ్వు దాటేసిన ప్రశ్న. తర్వాత రాస్తానంటే కుదరదు. నిన్ను తప్పు పట్టడానికి అడగడం లేదు. ఆ వైరస్ మీద ఏ మందు ఎలా పడిందో తెలిస్తేనే నేను ఏం వెతకాలో నాకు తెలుస్తుంది.

కంటి వైపు ఒక్క పొక్కు పాకినా, దగ్గు మొదలైనా, నా ఉత్తరం కోసం చూడకుండా హైదరాబాదు తీసుకుపో.

భయపడకు అని మొదలుపెట్టాను కదా. ఇప్పుడు చదువుకుంటే నా రాతే వంకరటింకరగా ఉంది. నాకూ భయంగానే ఉంది శకూ.

భారతి


హనుమకొండ,
21 ఆగస్టు 1987

భారతీ,

ఫ్లాస్కు, ఈ కవరు రెండూ యాకయ్య చేతికే ఇచ్చి కాజీపేటలో రైలెక్కిస్తున్నాను. టీ సంగతి చెప్పాను. "నాకు గంత తెల్వదా అమ్మా?" అని అలిగాడు.

అడిగావుగా, విను.

మొదటిసారి పొక్కులు చూడగానే వదినె చెంపలేసుకుంది. "ఇది రోగం గాదు శకుంతలా, అమ్మతల్లి పోసింది. తల్లి ఇంట్లున్నప్పుడు మందు పెడ్తె కోపానికొస్తది. ఆమె సల్లబడి పొయ్యేదాక గా గోళీలు ముట్టియ్యకు," అంది. మూడుసార్లూ అదే జరిగింది. పొక్కు లేవగానే నేను గోళీలు మొదలుపెడతాను. కబురంది ఆమె వస్తుంది, ఆపిస్తుంది. వేపాకు నీళ్లు పోసి, బెల్లం నీళ్లు శాకగా పోసి తల్లిని సాగనంపాక మళ్లీ మొదలుపెడతాను. పొక్కులు ఎండుతున్నాయి కదా అని వాటినీ సగంలోనే మానేస్తాం. అందుకే మిగిలాయి. కిడ్నీ గోళీలు మాత్రం ఏనాడూ ఆపలేదు. తన కిడ్నీకి అవి అన్నం లాంటివట, తల్లి కూడా ఏమీ అనదట.

నీకు కోపం వస్తోందని తెలుసు. నేనూ నీ పక్కన బెంచీ మీద కూర్చుని బయాలజీ చదివినదాన్నే. కానీ ఆమె ముందు నేనేం మాట్లాడనే? ఆయన ఒంట్లో నెత్తురు కడుగుతున్నది ఆమె కిడ్నీ. "నా తమ్మునికి నేను చెడు కోరుతనా?" అని అడుగుతుంది. నువ్వు బొంబాయిలో కూర్చుని రాయడం కాదు, ఇక్కడికొచ్చి ఆ మనిషి కళ్లల్లోకి చూసి చెప్పు, చూస్తాను.

ఈసారి ఆమెకు కబురే చేయలేదు. దొంగలా దాచాను. మందు ఒక్క పూట కూడా ఆగలేదు. మరి ఇప్పుడెందుకు తగ్గడం లేదే?

శకుంతల


బొంబాయి,
8 సెప్టెంబర్ 1987

శకూ,

నిలబడి చదవకు. కూర్చో.

యాకయ్య తెచ్చింది చెడకుండా అందింది. బావ పుండులోంచి తీసిన వైరస్‌ను రెండు సీసాల్లో పెంచాను. ఒకదాంట్లో మన మందు కలిపాను, ఇంకోదాంట్లో కలపలేదు. రెండూ ఒకేలా పెరిగాయి. మందు పెంచాను. పెరిగింది. ఇంకా పెంచాను. అయినా పెరిగింది. నేనేదో పొరపాటు చేశానని మళ్లీ మొదటి నుంచి చేశాను. పొరపాటు కాదు.

ఈ మందు తనంతట తాను ఏమీ చేయదు. దాన్ని విషంగా మార్చేది వైరస్సే. వైరస్ దగ్గర ఒక ఎంజైము ఉంటుంది. అది తగిలితేనే మందుకు పదును వస్తుంది, వచ్చి ఆ వైరస్‌నే చంపుతుంది. బావ ఒంట్లో ఉన్న వైరస్‌లో ఆ ఎంజైము పనిచేయడం లేదు. అది కూడా పరీక్షించి చూశాను. కాబట్టి మందు లోపలికి వెళ్తుంది, పదును పెట్టేవాళ్లు లేక ఉత్తదిగానే బయటికి పోతుంది.

ఆ ఎంజైము ఎలా పోయిందంటావా? కొత్తవాడ మగ్గం తలుచుకో. నడుమ ఒక్క పోగు ఎక్కువ పడితే అక్కడి నుంచి డిజైనంతా పక్కకు జరిగిపోతుంది కదా. వైరస్ తన నకళ్లు తీసుకుంటూ పోయేటప్పుడు జన్యువులో అలాంటి పొరపాటే పడుతుంది. విదేశాల్లో ఇలాంటివాటిని విప్పి చూసినవాళ్లు రాశారు, బావదీ అలాంటిదే అయ్యుంటుంది. ఈ పొరపాట్లు ఎప్పుడూ పడుతూనే ఉంటాయి. మన ఒంటి బలం వాటిని తుడిచేస్తుంది. బావ ఒంట్లో ఆ బలాన్ని కిడ్నీ కోసం మనమే పడుకోబెట్టాం.

మందు ఆపి, మొదలుపెట్టి, ఆపినందువల్లనేనా? అయ్యుండొచ్చు. కాకపోవచ్చు కూడా. సరిగ్గా వేసుకున్నవాళ్లలోనూ ఇది కనిపించింది. ఆపినందువల్ల అయ్యుండొచ్చన్న మాట మీ వదినెకు చెప్పకు.

ఆ ఎంజైముతో పనిలేని మందు ఇంకోటుంది. దేశంలో లేదు. దాని కోసం ఉత్తరాలు రాశాను. కానీ అది వచ్చేదాకా ఆగలేం. పుండు గొంతు దాటి ఊపిరితిత్తుల్లోకి దిగితే, ఇక నేను రాయలేను. వేలూరు డాక్టరుతో ట్రంకాల్ మాట్లాడాను. ఆయనా ఒకటే దారి అన్నాడు. కిడ్నీ గోళీలు తగ్గించాలి. తగ్గిస్తే ఒంటి బలం లేచి పుండును మాన్పుతుంది. లేచిన బలం కిడ్నీని కూడా పరాయిదనుకుని దాని మీద పడొచ్చు.

కిడ్నీ పోవచ్చు శకూ. దాచి రాయడం నాకు చేతకాలేదు.

భారతి


హనుమకొండ,
1 అక్టోబర్ 1987

భారతీ,

వదినెను పిలిపించాను. ఆమెకు తెలియకుండానే గోళీలు తగ్గించొచ్చని కిషన్ రావు డాక్టరు అన్నాడు కానీ నాకు మనసొప్పలేదు. వచ్చి ఆయన మొహం చూసింది, పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈసారి తల్లి మాట ఎత్తనే లేదు. మంచం పక్కన కూర్చోబెట్టి చెప్పాను. వింటూ వింటూ ఆమె చెయ్యి నడుము పక్కకు, కోత మచ్చ మీదికి వెళ్లింది.

"గోళీలు తగ్గిస్తె నాది పోతదా?"

"పోవచ్చు వదినె. ఉండొచ్చు గూడ."

"తగ్గియ్యకపోతె?"

నేను ఆయన మొహం వైపు చూశాను. ఆయన వద్దు వద్దని చెయ్యి ఊపాడు, అక్క వైపు చూపించి రెండు చేతులూ జోడించాడు. ఆమె ఆ చేతులు పట్టుకుని దుప్పటి మీద పెట్టేసింది.

"నువ్వు సప్పుడు జెయ్యకు. నువ్వు బతకాల్నని నేను కిడ్నీ ఇచ్చిన. అది బతకాల్నని నిన్ను ఇయ్యలే," అంది. నా వైపు తిరిగి, "తగ్గియ్యిండ్రి," అంది.

సగానికి తగ్గించాం. కొన్నాళ్లు ఏమీ కనిపించలేదు. తర్వాత గడ్డం మీది పుండు అంచులు లోపలికి జరిగాయి. కొత్త చర్మం వస్తోంది, చంటిపిల్లల చర్మంలా ఎర్రగా. నిన్న పెరుగన్నం మింగాడు. నా పేరు పిలిచాడు. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

కానీ కాళ్లు వాచాయే. బొటనవేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది. రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగింది, కిడ్నీకి దెబ్బ తగులుతోందట. పొద్దున లేవగానే నోరు చూసి సంతోషపడతాను, దుప్పటి ఎత్తి కాళ్లు చూసి చచ్చిపోతాను. వదినె మాత్రం ఒంటేలు పట్టే సీసా తప్ప ఏమీ చూడదు. "ఇయ్యాల మంచిగ పోసిండు!" అని వీధి వీధంతా వినేలా చెబుతుంది. ఆయనకు సిగ్గు. నాకు ఆ కేక వినబడని పూట ఊపిరాడదు.

గోళీలు మళ్లీ ఎప్పుడు పెంచాలి? తొందరగా రాయి. రెండో మందు ఏమైంది?

నీ శకుంతల


బొంబాయి,
9 అక్టోబర్ 1987

శకూ,

నిన్న టెలిగ్రాంలో చెప్పినట్టే చేయండి. నోరు మానింది కాబట్టి కిడ్నీ గోళీలు మెల్లగా పెంచమని వేలూరు డాక్టరు అన్నాడు. రక్తపరీక్ష కాగితాలు నేరుగా ఆయనకే పంపు. వాపు దిగాలి. దిగుతుందనే అన్నాడు.

రెండో మందు రావడం లేదు. ఆ జవాబు పోయిన నెలే వచ్చింది. నీకు ఆ కాస్త ఆశయినా ఉండనీ అని రాయలేదు. దాచడం చేతకాదన్నాను కదా, అబద్ధం.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా విను. పుండు మానినా ఈ వైరస్ ఒంట్లోంచి పోదు. మొహం నరాల మొదట్లో దాక్కుని పడుకుంటుంది. ఎప్పుడో మళ్లీ లేస్తుంది. లేచేది మందుకు లొంగే పాతదా, లొంగని కొత్తదా అన్నదే నా భయం. ఎంజైము పోగొట్టుకున్న వైరస్ నరంలోంచి తిరిగి లేవడంలో బలహీనమని ఎలుకల్లో చూశారు. కాబట్టి లేస్తే పాతదే లేస్తుందని నా ఆశ. మాట ఇవ్వలేను. కొత్తదే లేస్తే మన చేతిలో మళ్లీ కిడ్నీ గోళీలు తగ్గించడం తప్ప ఏమీ లేదు. ఇంకోసారి ఆ దెబ్బకు కిడ్నీ తట్టుకోదు.

పెదవి చురుక్కుమన్న గంటలోనే మందు మొదలుపెట్టు. ఎవరొచ్చి ఆపమన్నా ఆపకు. ఈ ఒక్కదానికి మీ వదినెతో పోట్లాడు.

భారతి


హనుమకొండ,
24 జనవరి 1988

భారతీ,

ఆయన కాళ్ల వాపు దిగిందని, క్రియాటినిన్ కూడా తగ్గిందని కార్డు రాశాను కదా. ఆ తర్వాత నేను రాయకపోవడానికి కారణముంది. రాసే ధైర్యం లేకపోయింది.

ఈ నెల మొదట్లో దుకాణం నుంచి వచ్చి, "పెదవి మండుతాంది," అన్నాడు. చూశాను. అదే కింది పెదవి, అదే చోటు, రెండు పొక్కులు. అద్దం అడిగాడు, దొరకడం లేదని అబద్ధం చెప్పాను.

వదినె ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది. ఆమెతో ఎలా పోట్లాడాలో లోపల మాటలు కూర్చుకుంటున్నాను. ఆమె పొక్కులు చూసింది. చెంపలేసుకుంది. నా వైపు తిరిగి, "గోళీ ఏది? తల్లికి నేను జెప్పుకుంట," అంది.

ఇక అప్పటి నుంచి ఆ పెదవే మా ముగ్గురి లోకం. కిటికీ దగ్గర ఎండలో కూర్చోబెట్టి నేను చూస్తాను, నేను లేచాక ఆమె చూస్తుంది. రెండో రోజు పక్కన ఇంకో పొక్కు లేచింది. ఇదే ఆ కొత్తదని, అయిపోయిందని అనుకున్నాను. దేవుడికి మొక్కుకోవడానికి కూడా నోరు రాలేదు. గోళీలు మాత్రం ఆపలేదు.

తర్వాత ఒక పొద్దున చూస్తే మూడూ నల్లబడి ఎండిపోయి ఉన్నాయి. కొత్తవి లేవు. ఇంకో రెండు రోజులు నమ్మకుండా చూశాను. పాతదే లేచింది భారతీ! మందు పనిచేసింది!

నేను అరిచి వదినెను కావలించుకున్నాను. ఆమె కదల్లేదు, కొయ్యలా నిలబడింది.

"అయితె ఆపకుంట ఏస్తె తగ్గుతదన్నట్టు," అంది.

"తగ్గింది గద వదినె!" అన్నాను, సంతోషంలో ముందూ వెనకా చూసుకోకుండా.

"అప్పుడు గూడ ఆపకపోతె తగ్గేదే."

అప్పుడు నాకు తెలిసొచ్చింది. ఇన్నాళ్లూ నువ్వూ నేనూ దాచినదాన్ని ఆ ఎండిన పొక్కులే ఆమెకు చెప్పేశాయి.

"ఆపినందుకే అయిందని ఎవ్వలు చెప్పలేరట వదినె. మంచిగ ఏసుకున్నోళ్లకు గూడ అయితదట. భారతే రాసింది."

"ఆ పిల్ల మంచిది. అట్లనే రాస్తది," అంది. కూర్చుని, మొహం గోడ వైపు తిప్పుకుంది.

నేను పక్కన కూర్చుని ఏం చెప్పాలో తోచక ఆమె చెయ్యి పట్టుకున్నాను. నేనూ ఆపినదాన్నే కదా, అదే అన్నాను. విన్నదో లేదో తెలియదు. ఆయన తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. లోపలికొచ్చాడు.

"అక్కా, గోళీ టైమయింది. ఇయ్యి," అన్నాడు.

ఆమె లేచి గోళీల రేకు తీసింది. ఎంత నొక్కినా గోళీ బయటికి రావడం లేదు. నేను అందుకోబోతే ఆయన వద్దని తలూపాడు. ఎంతసేపైనా సరే అన్నట్టు, చెయ్యి చాపి అలాగే నిలబడ్డాడు.

నీ శకుంతల